చౌడక్క వదిలిన పోగు

మా ధర్మవరం నేతవీధిలో డాక్టరు కానివాడు ఒక్కడూ లేడు. పాలు పోసేవాడు డాక్టరే, జరీ అమ్మేవాడు డాక్టరే, పదో తరగతి మూడుసార్లు తప్పినవాడు ఇంకా పెద్ద డాక్టరు. చౌడక్క కుడికంటి రెప్ప వాచిన రోజు వీళ్ళందరూ ఒక్కసారిగా ప్రాక్టీసు మొదలుపెట్టారు. నా పేరు తిప్పన్న. నలభై ఏళ్ళుగా మగ్గం నేస్తున్నాను. ఈ జనం తెలివిని ఈసడించుకోవడంలో నన్ను మించినవాడు లేడని అనుకునేవాణ్ణి. ఇది చౌడక్క కథ. కానీ అందులో నేను చేసిన పని ఒకటి ఉంది, దాన్ని కూడా చెప్పాలి.

మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవచ్చినప్పుడు పాత పోగుల కొసలకు కొత్త పోగుల్ని ఒక్కొక్కటిగా అతకాలి. నాలుగు వేల చిల్లర పట్టుపోగులు. ముడి వేస్తే దువ్వెనలాంటి అచ్చు సందుల్లో ఇరుక్కుని తెగిపోతుంది. అందుకని పాత కొసనూ కొత్త కొసనూ బూడిద అద్దిన వేళ్ళ మధ్య పెట్టి ఒక్క మెలి తిప్పాలి. ఏ పోగుకు ఆ పోగే. ఒకటి పక్కదానికి పడితే పోగులు అడ్డం పడి మగ్గం మొరాయిస్తుంది. చౌడక్క ముప్పై ఐదేళ్ళుగా ఆ పని చేస్తోంది. మొగుడు పోయినప్పుడు కొడుకు రవితేజ చంకలో ఉన్నాడు. పాత పౌడరు డబ్బాలో పిడకల బూడిద పోసుకుని ఇంటింటికీ తిరిగి, ఆ వేళ్ళతోనే వాణ్ణి ఐటీఐ చదివించింది. ఇప్పుడు వాడు పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు.

ఆమెకు మేం ఇచ్చిన మర్యాద గురించి చెప్పాలంటే సిగ్గేస్తుంది. నేసేవాడు గొప్ప, అతికేది కూలి. మా ఇంట్లో కాఫీ అందరూ తాగాక మిగిలింది ఆమెకు పోసేవాళ్ళం. "ఆ మెలి తిప్పేది ఏముండాది, చిన్నపిల్లకైనా వస్తాది" అని నేను నూరుసార్లు అనుంటాను. ఆమె వినీ విననట్టు మెలి తిప్పుకుంటూ పోయేది.

పోయినేడాది ఉగాది దాటాక, మా ఇంట్లో పడుగు అతుకుతూ ఆమె ఉన్నట్టుండి ఆగిపోయింది.

"తిప్పన్నా, ఈ పోగు రెండుగా కనపడతాంది" అంది.

"వయసు మీద పడింది చౌడక్కా. అద్దాలు మార్చుకో పో" అన్నాను నేను, మహా వైద్యుడిలాగా.

ఆమె ఒక కన్ను మూసుకుని ఆ పని ముగించింది. మర్నాడు నేను మగ్గం ఎక్కితే జానెడు కూడా నడవలేదు. పదకొండు పోగులు తారుమారై ఉన్నాయి. ముప్పై ఐదేళ్ళలో అదే మొదటిసారి. నేనేం చేశాను? వీధిలో నిలబడి, నలుగురూ వినేలా, "చేతకాకపోతే ఇంట్లో కూర్చోరాదా" అని అరిచాను. ఆమె వచ్చి ఆ పదకొండూ విప్పి మళ్ళీ అతికి వెళ్ళింది.

నెల తిరిగేసరికి రెప్ప వాచింది. కింది రెప్ప లాగి చూస్తే లోపల లేత గులాబీ రంగులో మెత్తటి కండలాంటిది కనిపించేది. నొప్పి మాత్రం లేదు. మావాళ్ళు నొప్పి లేనిదాన్ని రోగంలో జమ కట్టరు. బూడిద చేత్తో కన్ను నలుపుకుందని ఒకరు తేల్చారు. దిష్టి అని ఇంకొకరు. నందివర్ధనం పువ్వు పెట్టమని ఒకామె, బాలింత పాలు పిండమని ఇంకొకామె. ఉచిత సలహాకు ఖర్చేముంది, నోరు తెరిస్తే చాలు.

నేను వాళ్ళందరినీ చూసి నవ్వి, తెలివైనవాణ్ణి కాబట్టి, ఆమెను రంగప్ప దగ్గరికి తీసుకుపోయాను. రంగప్ప ఎవరంటే, ఒకప్పుడు ఎవరో డాక్టరు దగ్గర కాంపౌండరుగా ఉండి, ఆ డాక్టరు ఊరు విడిచాక తానే స్టెతస్కోపు మెడలో వేసుకున్న మహానుభావుడు. జ్వరానికీ నడుం నొప్పికీ మొగుడూపెళ్ళాల తగాదాకూ ఒకే సూది. నేను ఎందుకు తీసుకుపోయానో కూడా చెప్తాను. శ్రావణమాసం పెళ్ళిళ్ళ చీరలకు మాటిచ్చి ఉన్నాను. మగ్గం మీద పడుగు అయిపోవచ్చింది. నాకు చౌడక్క కన్ను కాదు కావలసింది, వాపు తగ్గడం.

రంగప్ప చిన్న తెల్ల మాత్రలు ఇచ్చాడు. నాలుగు రోజుల్లో వాపు దిగిపోయింది. రంగప్ప మీసం మెలేశాడు, నేను రంగప్పను పొగిడాను, చౌడక్క వచ్చి నా పడుగు అతికింది. మాత్రలు ఆపిన పదిరోజులకు వాపు మళ్ళీ వచ్చింది. మళ్ళీ మాత్రలు, మళ్ళీ తగ్గుదల. ఇలా మూడుసార్లు. మూడోసారి ఆమె మొహం చంద్రుడిలా ఉబ్బింది. కంటిగుడ్డు కొద్దిగా ముందుకు పొడుచుకొచ్చింది.

రవితేజ సెలవు రోజు ఇంటికొచ్చి తల్లిని చూసి హడలిపోయాడు. ఫ్యాక్టరీ ఇన్సూరెన్సు కార్డు ఉంది కాబట్టి బెంగుళూరు కంటి ఆసుపత్రిలో చూపిద్దామన్నాడు. షిఫ్టు వదలడానికి లేక, "మామా, రవ్వంత తోడు పోయిరా" అని నన్నడిగాడు. నేను పెద్దమనిషిలా తెల్లచొక్కా వేసుకుని రైలెక్కాను.

అక్కడ డాక్టర్ గీతాంజలి అని ఒకామె. మడకశిర పిల్ల, మన తెలుగే. చౌడక్క కన్ను లైటు వేసి చూసి, స్కాన్ చూసి, "ఇక్కడి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి" అంది. తర్వాత పెన్ను పట్టుకుని అడిగింది.

"అమ్మా, దీనికి ఇంతకుముందు ఏమైనా మాత్రలు వాడినారా? సరిగ్గా చెప్పండి."

చౌడక్క నా వైపు చూసింది. బయటివాళ్ళ ముందు మగవాడు పక్కనుంటే మా ఆడవాళ్ళు నోరు విప్పరు, మగవాడే చెప్పాలి. అది మా దిక్కుమాలిన మర్యాద. నాకు రంగప్ప మొహం గుర్తొచ్చింది. అంత చదువుకున్న పిల్ల ముందు 'నేనే ఒక కాంపౌండరు దగ్గరికి తీసుకుపోయాను' అని ఒప్పుకోవడమా? నేను, తిప్పన్నను?

"ఏం ల్యా మేడం. ఇంటి వైద్యం గూడా చేయల్యా" అన్నాను.

చౌడక్క తల దించుకుంది. డాక్టరమ్మ అదే రాసుకుంది.

పదిరోజులకు ఫలితం వచ్చింది. ఏదీ తేల్చలేమని, ఇంకా కొన్నాళ్ళు ఆగి మళ్ళీ తీయాలని. మా వీధి డాక్టర్లు పండగ చేసుకున్నారు. "ఏమీ లేదంట! బెంగుళూరోళ్ళు కూడా ఏమీ లేదన్నారంట!" అని ఇంటింటికీ మోశారు. తేల్చలేమనడానికీ ఏమీ లేదనడానికీ తేడా తెలియని మేధావులు. వాళ్ళను తిట్టుకుంటూ తేలు కుట్టిన దొంగలా నేను మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. రంగప్ప మాత్రల సంగతి డాక్టరమ్మ దగ్గర దాచానని ఎవరికీ చెప్పలేదు. అలా మూడు నెలలు పోయాయి.

ఆ మూడు నెలల్లో చౌడక్క పనికి పోవడం మానేసింది. కుడికన్ను ఎటు తిప్పినా బిగుసుకుపోయేది. పోగు పట్టుకోబోతే వేలు పక్కకు పడేది. రవితేజ, "ఇంక పని మానెయ్ మా, నేను సంపాదిస్తాండా కదా" అన్నాడు.

"మానేసి ఏం జేయాల్రా? టీవీ ముందర దిష్టిబొమ్మ మాదిరి కూర్చోవాల్నా?" అంది ఆమె. "కన్ను పోతే పోనీలే అనుకోవడానికి నాకేం ఇంకో పని తెలుసా? ఆ పోగులు పట్టుకుంటేనే నేను మనిషినిరా."

అదీ ఆమెకు కావలసింది. మళ్ళీ మగ్గం ముందు కూర్చుని పోగులు అతకాలి. మా దొడ్డిగోడ అవతలే ఆమె ఇల్లు. ఆ మాట గోడ ఇవతల నేను విన్నాను. విని ఏం చేశాను? బీడీ వెలిగించాను.

రెండోసారి బెంగుళూరికి రవితేజతో కలిసి ముగ్గురం పోయాం. డాక్టరమ్మ మళ్ళీ పెన్ను తీసింది. ఈసారి చౌడక్క నా వైపు చూడలేదు. కొంగు ముడి విప్పి, మాత్రలన్నీ అయిపోయిన రేకును టేబుల్ మీద పెట్టింది.

"ఇవి మింగినా తల్లీ. మూడుసార్లు. పోయినసారి నువ్వు అడిగినప్పుడు చెప్పల్యా. తప్పయింది" అంది.

డాక్టరమ్మ ఆ రేకు తిప్పి చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆ చూపు ఎలాంటిదో నాకు బాగా తెలుసు. జీవితమంతా నేను ఇతరులను చూసిన చూపే అది.

"ఇవి స్టెరాయిడ్లు. ఈ జబ్బు కణాల్ని కొన్నాళ్ళు కరిగిస్తాయి, అంతే. పైకి తగ్గినట్టుంటుంది, మేం ముక్క తీస్తే అందులో జబ్బు దొరకదు. ఆ రోజే చెప్పింటే ముక్క ఎప్పుడు తీయాలో చూసుకునేవాళ్ళం. మూడు నెలలు ఊరికే పోయినాయి" అంది ఆమె, నాతోనే.

రవితేజ నా వైపు తిరిగి, "మామా, నీకు తెలుసా?" అన్నాడు. నేను గోడ మీది కంటి బొమ్మను చదువుతున్నట్టు నటించాను. చదవడానికి అందులో అక్షరాలు కూడా లేవు.

ఈసారి తీసిన ముక్కలో అది దొరికింది. లింఫోమా అంట. ఒంట్లో కాపలా కాయాల్సిన తెల్ల కణాల్లో కొన్ని దారి తప్పి, కంటిగుడ్డు చుట్టూ చేరి గుంపు కట్టాయి. క్యాన్సరే, కానీ నిదానంగా పెరిగే రకం. ఒళ్ళంతా స్కాన్ చేసి ఇంకెక్కడా లేదని తేల్చారు. క్యాన్సర్ డాక్టరుతో మాట్లాడాక డాక్టరమ్మ మళ్ళీ కూర్చోబెట్టి చెప్పింది.

"రేడియేషన్ పెడితే ఇది తగ్గుతుంది. చాలామందికి అదే ఇస్తాం. కానీ కన్ను పొడిబారొచ్చు, శుక్లం రావొచ్చు. మీది కంటితో పని. అందుకని ముందు ఇమ్యునోథెరపీ ఇచ్చి చూద్దాం. వారానికొకటి, నాలుగు వారాలు సెలైన్‌లో ఎక్కిస్తారు. ఆ మందు పోయి చెడ్డ కణాల మీద అతుక్కుంటుంది. అప్పుడు మీ ఒంట్లోని రక్షణే వాటిని గుర్తుపట్టి చంపేస్తుంది. సరిపోకపోతే రేడియేషన్ ఎటూ ఉంది."

చౌడక్క, "చీరలో తప్పు పడినచోట సుద్దముక్కతో గీత పెడతాం, తర్వాత సరిచేసేవాడు వచ్చి చూసుకుంటాడు. అట్లనా తల్లీ?" అంది.

"అట్లనే అమ్మా. ఇంతమందికి చెప్పినాను, నాకే ఈ మాట తోచలేదు" అని నవ్వింది డాక్టరమ్మ.

మొదటి వారం మందు ఎక్కిస్తూ ఉండగానే చౌడక్కకు వణుకు పుట్టింది. పళ్ళు టకటకలాడాయి. నర్సులు మందు ఆపి, దుప్పటి కప్పి, వేరే సూది ఇచ్చి, అరగంట ఆగి మళ్ళీ నెమ్మదిగా మొదలుపెట్టారు. మొదటిసారి ఇలా కావడం మామూలేనని వాళ్ళు ముందే చెప్పారు. నేను మాత్రం వరండాలో మా ఇలవేల్పు చౌడమ్మ తల్లికి నూటొక్క కొబ్బరికాయలు మొక్కుకున్నాను. వీధిలో జనం మొక్కుకుంటే నవ్వేవాణ్ణి.

తిరుగు రైలు హిందూపురంలో ఆగినప్పుడల్లా మా బావమరిది ఆంజనేయులు ప్లాట్‌ఫారం మీదికి వచ్చేవాడు. వక్క నములుతూ ప్రపంచంలో ప్రతిదానికీ తీర్పు చెప్పే మనిషి. రెండో వారం మందు అయ్యాక కిటికీలోంచి చౌడక్కను ఎగాదిగా చూశాడు.

"ఏమబ్బా, జుట్టు అట్లనే ఉండాదే! మా పక్కింటాయనకు రెండు సూదులకే గుండు అయిపాయ. వాంతులు గూడా ల్యావంటారు. ఇది యాడి క్యాన్సర్ మందప్పా? ఉప్పునీళ్ళు ఎక్కించి పంపిస్తాండారు. దుడ్లు ఇన్సూరెన్సోళ్ళవి కదా, ఎవురు అడుగుతారు!"

మా వీధిలో కూడా అదే మాట. రోగి బాధపడకపోతే మావాళ్ళకు మందు మీద నమ్మకం కుదరదు. జుట్టు రాలాలి, వాంతులు కావాలి, మంచం పట్టాలి, అప్పుడు గానీ వాళ్ళకు తృప్తి లేదు. ఈ ఊదరకు రవితేజ కూడా మెత్తబడ్డాడు. మూడో వారానికి ముందురోజు, "మా, ఇంకొక డాక్టరును అడిగినాక పోదామా?" అన్నాడు తల్లితో.

నేను అక్కడే ఉన్నాను. ఆమె నా వైపు చూసింది. ఆ రోజు డాక్టరు ముందు చూసిన చూపే. మళ్ళీ నా నోరు మెదలలేదు. రేకు సంగతి తెలిసిన దగ్గర్నుంచి రవితేజ నాతో సరిగా మాట్లాడడం లేదు, నేనేం చెప్తే ఏం తప్పు వస్తుందోనని భయం. పిరికి వెధవకు సాకులకేం కొదవ?

చౌడక్కే లేచింది. జడ ముందుకు వేసుకుని కొడుకు చేతిలో పెట్టింది.

"లాగరా. రాలల్యా కదా? రాలకుండానే బాగవుతుందని ఆ తల్లి ముందే చెప్పింది. నాకు చదువు రాదు, కానీ పని తెలిసినోళ్ళు ఎవురో, వాగేటోళ్ళు ఎవురో గుర్తుపట్టే తెలివుండాది. ముప్పై ఐదేళ్ళు రెండు రకాలోళ్ళ ఇండ్లలోనూ కూర్చునింటి" అంది.

మర్నాడు పొద్దున రైల్లో ఆమె ముందే ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. హిందూపురంలో ఆంజనేయులు ఈసారి పోయేటప్పుడే వచ్చి కిటికీలోంచి నోరు తెరవబోతే అద్దం దించేసింది. ఆ ఒక్క పనికి నేను ఆమెకు దండం పెట్టాల్సింది.

నాలుగు వారాలూ పూర్తయ్యాయి. వాపు ఒక్కరోజులో పోలేదు. నెల తర్వాత రెప్ప పలచబడింది, రెండు నెలలకు కంటిగుడ్డు వెనక్కి పోయింది, గులాబీ రంగు కండ కరిగింది. మూడో నెల స్కాన్ చూసి డాక్టరమ్మ, "ఇప్పుడేమీ కనపడడం లేదు. కానీ ఇది మళ్ళీ రావొచ్చు, చెప్పినప్పుడల్లా వచ్చి చూపించుకోవాల" అంది. చౌడక్క అడిగింది ఒక్కటే. "పని చేసుకోవచ్చునా తల్లీ?" చేసుకోవచ్చునంది. మా వీధిలో అప్పుడేమన్నారో తెలుసా? రంగప్ప మాత్రలు ఇప్పుడు పనిచేశాయంట! రంగప్ప కూడా అదే చెప్పుకుంటున్నాడు. ఈ జన్మకు వీళ్ళు బాగుపడరు.

ఈ ఏడాది ఫాల్గుణమాసంలో ఒక పొద్దున చౌడక్క బూడిద డబ్బా పట్టుకుని మా గడపలోకి వచ్చింది. ఆమె లేనన్నాళ్ళూ వేరే ఊరి మనిషి ఒకడు నా పడుగులు అతికాడు. అతికాడనడం తప్పు, ముడులు వేశాడు. ప్రతి చీరలోనూ పోగులు తెగుతూనే ఉన్నాయి. ఆమెను చూడగానే మా ఆవిడ కుళ్ళాయమ్మ మొదటి గ్లాసు కాఫీ ఆమెకే ఇచ్చింది. ఆమె తాగి, మగ్గం ముందు కూర్చుంది. రెండు కళ్ళూ తెరిచే అతికింది. నేను గడప మీద కూర్చుని చూశాను. ముప్పై ఐదేళ్ళుగా నా ఇంట్లో జరిగిన పనిని అప్పుడే మొదటిసారి చూశాను. ఎంత వేగమో, ఎంత నిదానమో చెప్పలేను.

పొద్దు వాలేటప్పటికి లేచి చేతులు దులుపుకుంది.

"అయిపాయ. ఒక్క పోగు వదిలిపెట్టినా. అది నువ్వే అతుక్కో" అంది.

"అదేమి చౌడక్కా?"

"చిన్నపిల్లకైనా వస్తాదంటివి కదా."

ఆమె వసారాలోకి పోయి కూర్చుంది. నేను పోగు కోసం వెతికాను. కుడిపక్క అంచు దగ్గర పాత కొస ఒకటి, కొత్త కొస ఒకటి, జానెడు దూరంలో వేలాడుతున్నాయి. వేళ్ళకు బూడిద అద్దుకున్నాను. పాతది పట్టుకుంటే కొత్తది జారింది. రెండూ పట్టుకుని మెలి తిప్పితే విడిపోయింది. గట్టిగా తిప్పితే తెగింది. చెమట కంట్లోకి కారింది. నలభై ఏళ్ళ నేతగాణ్ణి, రాజకీయ నాయకుల ఇళ్ళ పెళ్ళిళ్ళకు చీరలు నేసినవాణ్ణి, వెంట్రుకంత పోగుతో అరగంట కుస్తీ పట్టాను. వసారాలో చౌడక్క మా ఆవిడతో కందిపప్పు సంగతి మాట్లాడుతోంది. ఒకసారి కూడా తొంగి చూడలేదు. ముడి వేసేద్దామా అని కూడా అనుకున్నాను. ఎవరికి తెలుస్తుంది? రేపు నాకే తెలుస్తుంది.

చివరికి బయటికి వచ్చి ఆమె ముందు నిలబడ్డాను.

"చౌడక్కా, నాకు రాదు" అన్నాను.

ఆమె మాట ఆపి నన్ను చూసింది. అంత తేటగా ఉన్న ఆ కుడికన్ను నా మొహంలో ఏదో వెతికినట్టనిపించింది.

"ఆ మాత్రలు ఇప్పించింది నేను. డాక్టరమ్మకు అబద్ధం చెప్పింది నేను. నీ మూడు నెలలు తిన్నది నేను" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు, ఆగలేదు. మా ఆవిడ చేతిలో చాట అలాగే ఉండిపోయింది.

చౌడక్క లేచి లోపలికి పోయింది. రెండు వేళ్ళకు బూడిద అద్దుకుని, రెండు కొసలూ పట్టుకుని, ఒక్క మెలి తిప్పింది. రెప్పపాటు కూడా పట్టలేదు.

"ఇంతే కదప్పా పని" అంది. "ఇంత చిన్నమాటకు ఏడాది చేసినావు."

డబ్బా మూత పెట్టుకుని, చెప్పులు వేసుకుని, పక్కింట్లో కూడా పడుగు ఎదురుచూస్తోందని వెళ్ళిపోయింది.